బస్ అన్న గొంతు

మల్లేశం పోయాడని నాకు నాలుగో రోజుకు గాని తెలియలేదు. చెప్పి తీరాల్సినంత దగ్గరివాణ్నని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకునేలా నేనూ నడుచుకోలేదు. పదకొండో రోజు పొద్దున సంగారెడ్డి నుంచి బయలుదేరి, ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, ఆటోలో చిట్కుల్ వెళ్లాను. ఒకప్పుడు ఆ దారికి రెండు పక్కలా జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు వరసగా కిరాయి గదులు, ఒక్కో గది ముందు ఆరేడు జతల చెప్పులు, తీగల మీద ఆరేసిన నీలం రంగు కంపెనీ చొక్కాలు. గాలిలో కుళ్లిన గుడ్డు వాసన. ముక్కు మూసుకుంటే ఆటో అబ్బాయి నవ్వి, "ఏం వాసన సార్? నాకైతే ఏం వస్తలేదు" అన్నాడు. మల్లేశం ఇంటి అరుగు మీద దండ వేసిన ఫొటో పెట్టారు. డెబ్బై దాటి పోయిన మనిషికి ఇరవై రెండేళ్ల వయసునాటి ఫొటో. దెబ్బ తిన్న తరువాత అతను మళ్లీ ఫొటో దిగలేదు. ఆ ఫొటోలో చేతిలో కర్ర ఉండాలి, ఫ్రేములో పట్టక కోసేశారు. పిడికిలి మాత్రం మిగిలింది.

ఆ కర్ర పట్టుకోవడం మేమిద్దరం ఒకేచోట నేర్చుకున్నాం. మాది సంగారెడ్డి బజారులో బెల్లం, మిరపకాయలు అమ్మే ఇల్లు. ముందు దుకాణం, వెనక కాపురం. మిరప బస్తా విప్పిన రోజు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. అందరూ తుమ్మితే నేను దగ్గేవాణ్ని. దగ్గి దగ్గి నీలం తిరిగేవాణ్ని. మా అమ్మ చూపించని వైద్యుడు లేడు. చివరికి ఒక ముసలి హకీం నాడి పట్టి చూసి, "మందు వద్దు, మట్టిల పొర్లాలె వీడు. తాలీంకు పంపుండ్రి" అన్నాడు. తాలీం అంటే మా ఊళ్లో సాము నేర్పే చోటు. మా నాయన తక్కెడ కింద పెట్టి మరీ నవ్వాడు. "కోమటోనికి కట్టెసామేంది? ఎవడన్న కొట్టవస్తె రెండు చేతులెత్తి దండం పెట్టాలె, ఇనకపోతె ఉరకాలె. మన తాతలు గిట్లనే బతికిండ్రు" అన్నాడు. కానీ కొడుకు దగ్గు తగ్గాలని ఆయనకూ ఉంది. బెల్లం దిమ్మె ఒకటి గుడ్డలో కట్టించి, నన్ను వెంటబెట్టుకొని తానే ఉస్తాద్ ఇంటికి తీసుకుపోయాడు.

జహంగీర్ ఉస్తాద్ పొట్టిగా, నల్లగా, ఎండుపుల్లలా ఉండేవాడు. అంత పేరున్న మనిషి ఇంత బక్కగా ఉండడమేమిటని మొదటి రోజే నాకు నమ్మకం పోయింది. ఆయన తాలీం నాలుగు పక్కలా తెరిచిన పెంకుటి సాయబాను, మధ్యలో గుంత. గుంతలో ఎర్రమట్టి జల్లించి పోసి, అందులో మజ్జిగ, పసుపు, మంచినూనె కలిపేవాళ్లు. ఆ మట్టి పొద్దున్నే చల్లగా, పులిసిన పిండిలాంటి వాసన వేసేది. దండ్లు, బైఠకులు, అంటే గుంజీలు, అయ్యాక కర్ర చేతికి ఇచ్చేవాడు. పట్టుకునే ముందు సలామీ చేయాలి. వంగి, మట్టిని తాకి నుదుటికి అద్దుకొని, ఎదుటివాడి కర్ర కొసకు మన కర్ర కొస ఆనించాలి. అంతవరకు ఇద్దరూ కొట్టుకోకూడదు. సాము ముగిశాక ఖాలా, అంటే ఉస్తాద్ భార్య, అందరికీ పాలలో గుడ్డు కొట్టి ఇచ్చేది. నాకు మాత్రం నానబెట్టిన శనగలు. వాటికి వేరే గిన్నె. ఒకసారి మల్లేశం ఆ గిన్నెలో చెయ్యి పెడితే, "అరే, అది సేట్‌ది! నీ గుడ్డు చెయ్యి తియ్యి!" అని మొట్టికాయ వేసింది. మా అమ్మ కూడా నా మడిని అంత పట్టించుకోలేదు.

మల్లేశం చిట్కుల్ రైతు కొడుకు. మా ఊళ్లో మేనమామ ఇంట్లో ఉండి బడికి వచ్చేవాడు. చదువు నా దగ్గర కాపీ కొట్టేవాడు, సాము నేను అతని దగ్గర కాపీ కొట్టేవాణ్ని. నాకు దగ్గు తగ్గింది గాని సాము రాలేదు. అతనికి మాత్రం పుట్టుకతో వచ్చినట్టు వచ్చింది. ఉస్తాద్ అతన్ని మెచ్చుకున్నది కొట్టినందుకు కాదు, ఆపినందుకు. "దెబ్బ కొట్టుడు ఆరు నెల్లల్ల వస్తది బేటా. లేచిన దెబ్బను ఆపుడు ఆరేండ్లు పడ్తది. ఆపుడు రానోనికి కట్టె ఇస్తె కోతికి కొబ్బరిచిప్ప ఇచ్చినట్టే" అనేవాడు. అందుకని ఆ తాలీంలో అన్నిటికంటే పెద్ద పాఠం ఒక మాట. బస్, అంటే ఇక చాలు అని. ఆ మాట వినిపిస్తే, అది చెవిలో పడుతుండగానే కర్ర కొస నేలను తాకాలి. ఉస్తాద్ ఒక్కడే అనాలని లేదు. గట్టు మీద కూర్చున్నవాళ్లలో ఎవరికి ప్రమాదం కనిపించినా అనాలి, అది వాళ్ల ధర్మం. వినేవాడు ఎవరన్నారా అని తల తిప్పి చూడకూడదు. చూస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యానికి రెండు వందల బైఠకులు. బజారులో నడుస్తుంటే వెనకనుంచి ఉస్తాద్ "బస్" అనేవాడు. చేతిలో కర్ర లేకపోయినా మా చేతులు కిందికి వాలేవి. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. మాకు గర్వంగా ఉండేది.

దసరా ఊరేగింపులో, పీర్ల పండుగలో మా తాలీం ఆట ఉండేది. నా తల మీద నిమ్మకాయ పెట్టి నన్ను చౌరస్తా మధ్యలో కూర్చోబెట్టేవాళ్లు. మల్లేశం గిరగిర తిప్పిన కర్రను రెండు చేతులతో పైనుంచి దించేవాడు. గాలి చీలిన చప్పుడు నా చెవుల్లో పడేది. ఉస్తాద్ "బస్" అనేవాడు. కర్ర నిమ్మకాయ తొక్కను తాకి ఆగేది, తరువాత మెల్లగా నేలకు వాలేది. ఒక్క చుక్క రసం కారేది కాదు. నేను కళ్లు మూసుకున్నానని ఎగతాళి చేసేవాళ్లు గాని, నాకు భయం వేసి కాదు. అతని చేతిలో కర్ర ఉన్నంతసేపు ఈ లోకంలో నాకేమీ కాదని అనిపించేది. ఆ నమ్మకం తరువాత నాకు ఎవరిమీదా కలగలేదు.

మా దుకాణంలో ఎల్లయ్య అని హమాలీ ఉండేవాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. పడుచువాడిగా ఉన్నప్పుడు ఏదో పల్లెలో దొర మనుషులతో జరిగిన కొట్లాటలో పోయాయని చెప్పుకునేవాళ్లు. ఎంత బతిమాలినా ఆ కథ చెప్పేవాడు కాదు. నేను ఒకరోజు బస్తాల మధ్య కర్ర తిప్పి చూపించి, ఎలా ఉందని అడిగాను. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "మంచిగున్నది సేటూ, పెండ్లిల ఆడుతందుకు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అతను నవ్వలేదు. "కొట్లాటల సలాం ఉండది. చేతికి ఏం దొరికితె గది పట్టుకునుడు, కండ్లు మూసుకొని కొట్టుడు, బతికితె ఉరుకుడు. బస్ అని ఎవ్వడనడు. అన్నా ఎవ్వనికీ ఇనవడది." నేను ఆ మాట తీసుకుపోయి ఉస్తాద్‌కు చెప్పి, మీరు నిజం కొట్లాటలో ఎవర్నైనా కొట్టారా అని అడిగాను. ఆయన కర్రకు నూనె రాస్తున్నాడు. "లేదు బేటా. అల్లా దయ, అవసరం పడలే" అన్నాడు. అదొక లోటని నేను అప్పుడు అనుకున్నాను. మా ఉస్తాద్ ఉత్త ఆటగాడు, ఎల్లయ్యే అసలు వీరుడు అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, మమ్మల్ని ఆ గుంతలో నుంచి బయటికి రానివ్వకుండా ఉంటే మల్లేశానికీ నాకూ ఏ లోటూ ఉండేది కాదు.

బొంబాయి రోడ్డు పక్కన ఒక్కొక్కటే ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. మల్లేశం వాళ్ల చెల్క కూడా ఒకదానికింద పోయింది. ఇంటికొక నౌకరీ ఇస్తామన్నారు. గోడ లేచింది, పొగగొట్టం లేచింది, నౌకరీ మాత్రం రాలేదు. గుత్తేదారు ఎక్కడివాళ్లనో తెచ్చి పనిలో పెట్టాడు. అప్పటికి మల్లేశానికి పెళ్లై ఏడాది కూడా నిండలేదు. భూములు పోయినవాళ్లంతా గేటు ముందు కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున వాళ్లను కొట్టి లేపడానికి లారీలో మనుషులు వస్తారని ముందే కబురందింది. ముందురోజు సాయంత్రం మల్లేశం మా దుకాణానికి వచ్చాడు. నేనప్పటికే కర్ర మూలకు పెట్టి తక్కెడ పట్టుకున్నాను. "నువ్వు కొట్లాడకు సేటూ, ఊకె వచ్చి నిలవడు. నువ్వుంటె నాకు తాలీంల ఉన్నట్టుంటది" అన్నాడు. మా నాయన వినకుండా మెల్లగా అన్నాడు. వస్తానన్నాను. ఉస్తాద్‌కు కూడా ఎవరో చెప్పినట్టున్నారు. తెల్లవారి నేను వెళ్లేసరికి ఆయన గేటుకు ఎదురుగా, రోడ్డు ఇవతల చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. మల్లేశాన్ని ఇంటికి పొమ్మని అప్పటికే బతిమాలాడట. "ఇది సాము కాదు, ఇంటలేడు వాడు" అన్నాడు నాతో. నేను ఆయన పక్కనే నిలబడ్డాను.

లారీ వచ్చింది. అయిదుగురు దిగారు. సైకిల్ గొలుసులు, ఇనుప పైపులు. గేటు ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది లేచి పక్కకు జరిగారు. మల్లేశం ఒక్కడే ముందుకు నడిచాడు. నడిచి ఏం చేశాడో చెబితే మీరు నమ్మరు. వంగాడు. రోడ్డు మీది మట్టిని తాకి నుదుటికి అద్దుకోబోయాడు. సలామీ చేస్తున్నాడు! వంగిన వీపు మీద గొలుసు పడింది. వాళ్లు నవ్వారు. నా పక్కన ఉస్తాద్ కడుపులో పొడిచినట్టు మూలిగాడు. తరువాత మాత్రం వాళ్లు నవ్వలేదు. మల్లేశం లేచాడు, కర్ర లేచింది. ఒకడి గొలుసు ఎగిరి కాలువలో పడింది, ఒకడు మణికట్టు పట్టుకొని కూలబడ్డాడు, ఇద్దరు లారీ వెనక్కి పరుగెత్తారు. ఎల్లయ్య చెప్పిందంతా అబద్ధమని నాకు ఆ కాసేపు అనిపించింది. చప్పట్లు కొట్టబోయాను కూడా. మిగిలినవాడు ఒక్కడు. ఇరవై ఏళ్లుంటాయో లేదో, సన్నటి పిల్లవాడు, వీపు గోడకు ఆనింది. చేతిలో పైపు ఉంది గాని అది ఉన్న సంగతి మరిచిపోయినట్టు నోరు తెరిచి చూస్తున్నాడు. మల్లేశం కర్ర రెండు చేతులతో పైకి లేచి అతని నడినెత్తికి దిగుతోంది. నేను అరిచాను.

"బస్!"

కర్ర ఆగింది. ఆ పిల్లవాడి జుట్టుకు వేలెడు దూరంలో, నా తల మీది నిమ్మకాయ మీద ఆగినట్టే ఆగింది. తరువాత కొస నేలకు వాలింది. మల్లేశం తల తిప్పి చూడలేదు, చూడకూడదని కదా నేర్పింది. ఎదుటివాడికి ఏ ఉస్తాదూ లేడు. ఆ మాటకు అర్థం ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనికి తెలిసిందల్లా తన తల మీది కర్ర కిందికి దిగిందని. కళ్లు మూసుకొని పైపుతో కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కొట్లాటలో ఎవ్వరికీ వినపడదని ఎల్లయ్య అన్నాడే, అందులో సగమే నిజం. విన్నవాడు ఒకడున్నాడు, వాడే కూలిపోయాడు.

ఎందుకు అరిచావని నన్ను నేను అడగని రోజు లేదు. ఆ పిల్లవాడు చస్తాడనా? మల్లేశం హంతకుడై జైలుకు పోతాడనా? అలా చెప్పుకుంటే బాగుంటుంది, కొన్నేళ్లు చెప్పుకున్నాను కూడా. కానీ నిజం అంత పెద్దది కాదు. నెత్తురు చూడబోతున్నానని నాకు భయం వేసింది, అంతే. పదేళ్లు గట్టు మీద కూర్చున్న అలవాటులో నోరు దానంతట అదే అనేసింది.

సిటీలో పెద్ద దవాఖాన వరండాలో మూడు వారాలు ఉన్నారు మల్లేశం వాళ్లు. ఒక కన్ను పోయింది, కుడిపక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వంకరపోయిన నోటితో అతను అన్న మొదటి మాట, "ఉస్తాద్... బస్... ఎందుకన్నడు?" అతను ఆ గొంతు ఉస్తాద్‌దే అనుకున్నాడు. ఆ మాట ఇంకెవరిదై ఉంటుందని అతనికి తోచలేదు. వాళ్ల నాయన నా దిక్కు తిరిగాడు. "నువ్వక్కడనే ఉన్నవు గద సేటూ, ఎవరన్నరు?" అని అడిగాడు. మా కులం మీద ఒక సామెత ఉంది, మీకూ తెలుసు, కోమటి సాక్ష్యం అని. ముందునుంచి చూస్తే ఒకరి గుర్రం, వెనకనుంచి చూస్తే ఇంకొకరి గుర్రం అని చెప్పాడట వెనకటికొకడు. ఆ సామెత విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ రోజు దాన్ని నేనే నిజం చేశాను. "హోటల్ దిక్కుకెల్లి వచ్చినట్టుండె" అన్నాను. అబద్ధం కాదు. నేను నిలబడ్డది హోటల్ దిక్కే.

ఉస్తాద్ అప్పుడే పండ్ల సంచి పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. మల్లేశం నాయన లేచి నిలబడి, కొడుకు అడిగిన మాటే అడిగాడు. ఉస్తాద్ నా మొహం చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను నేలకేసి చూస్తున్నాను. "అవు. నేనే అన్న" అన్నాడు ఆయన. ఆ సంచి అక్కడ పెట్టనివ్వలేదు వాళ్లు. లాక్కొని విసిరేశారు. మోసంబీలు వరండా అంతా దొర్లాయి. నేను వంగి ఏరుతూ కూర్చున్నాను, ఆయన వెళ్లిపోయేదాకా తల ఎత్తకుండా ఉండవచ్చు కదా అని.

తాలీంకు పిల్లలు రావడం మానేశారు. శిష్యుణ్ని అవిటివాణ్ని చేయించినవాడని ఆయనకు పేరు పడింది. గుంతలో మట్టి ఎండి పగిలింది. ఖాలా అందులో తోటకూర వేసింది. ఉస్తాద్ బజారులో గొడుగులు బాగుచేస్తూ కూర్చునేవాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు దగ్గరికి వెళ్లి, ఎందుకు మీ మీద వేసుకున్నారని అడిగాను. గొడుగు పుల్ల వంచుతూ, "ఆ మాట నేర్పింది నేను. ఎవరి నోట్లకెల్లి వస్తె ఏంది, నాదే" అన్నాడు. తరువాత, "కట్టె ఎక్కడ ఆపాలెనో నేర్పిన. ఎక్కడ ఆపొద్దో నేర్పలే. నాకే తెల్వది బేటా" అన్నాడు. చెప్పవద్దని ఆయన నాతో అనలేదు. చెప్పమనీ అనలేదు. చెప్పే పని నాకు వదిలేశాడు. నేను చెప్పలేదు. ఆయన చనిపోయినప్పుడు మట్టి వేసి వచ్చాను. మల్లేశం అప్పటికి మంచం దిగగలిగేవాడు, అయినా రాలేదు. ఆ ఫ్యాక్టరీ గేటుకే మల్లేశం తమ్ముణ్ని వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. కొట్లాట గెలిచింది ఎవరంటే ఇదీ సమాధానం.

ఇన్నేళ్ల తరువాత ఇప్పుడెందుకు నోరు విప్పానంటే దానికీ కారణం ధైర్యం కాదు. మల్లేశం కబురు అందిన వారంలోనే మనవణ్ని కరాటే క్లాసుకు దింపడానికి వెళ్లాను. పటాన్‌చెరులో సెల్‌ఫోన్ల దుకాణం పై అంతస్తు. మట్టి లేదు, నీలం రబ్బరు పరుపులు. పసుపు బెల్టు, పచ్చ బెల్టు, గోడమీద సర్టిఫికెట్లు. ముప్పై మంది పిల్లలు గాలిని గుద్దుతున్నారు. సారు ఏదో జపాను మాట ఒక్కటి అరిచాడు. ముప్పై జతల చేతులు ఒక్కసారి కిందికి దిగాయి. తల్లిదండ్రులు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నా మనవడు నావైపు చూసి నవ్వాడు, చూశావా ఎట్లా ఆగానో అన్నట్టు. నేను అక్కడ నిలబడలేకపోయాను. మెట్లు దిగి, ఆ దుకాణం ముందు స్టూలు అడిగి కూర్చున్నాను. నా మనవడికి ఏం చెప్పాలి? ఆగవద్దని చెప్పాలా? ఆగకపోతే వాడు మనిషి ఎలా అవుతాడు? డెబ్బై ఏళ్లు బతికి పిల్లవాడికి చెప్పడానికి ఒక్క ముక్క సంపాదించుకోలేకపోయాను.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక మల్లేశం భార్య అనసూయ అరుగు మీద ఒంటరిగా కూర్చుంది. నలభై ఏళ్లకు పైగా అతన్ని లేపి, కూర్చోబెట్టి, అన్నం కలిపి పెట్టిన చేతులు పనిలేక ఒళ్లో పడి ఉన్నాయి. నేను పక్కన కూర్చొని చెప్పాను. ఆ రోజు బస్ అన్నది నేనే చెల్లే, ఉస్తాద్ కాదు అన్నాను. సాక్ష్యం ఎలా చెప్పానో అదీ చెప్పాను. అనసూయ ఏడవలేదు, అరవలేదు. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఖాలా ఏటేటా రంజాన్‌కు సేమియా పంపేది అన్నా. ఉస్తాద్ పోయినంక గూడ పంపింది. ఈయన ముట్టనియ్యకపోయేది. వాని ఇంటి తిండి నా ఇంట్ల వద్దు అనేటోడు. నేను తీస్కపోయి బర్రె కుడితిల పోసి, గిన్నె తోమి పంపేదాన్ని. గిన్నె ఖాళీగొస్తె ముసల్ది సంబురపడేదట, తిన్నరని."

నా చూపు ఫొటోలోని పిడికిలి మీదికి పోయింది.

"గిది నాకెందుకు చెప్పినవ్? నీ పానం అల్కగ చేసుకుందామనా? ఉస్తాద్‌ను తిట్టుకుంటనే గిన్నేండ్లు ఎల్లదీసిన నేను. ఈయన పక్క మార్చినప్పుడల్ల తిట్టిన. గా కోపమే నన్ను నిలవెట్టింది. ఇప్పుడు గా కోపం ఎవరి మీద పెట్టుకోవాలె?"

"నా మీద పెట్టుకో చెల్లే" అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

అనసూయ నన్ను తేరిపార చూసింది. "నీ మీద రాదన్నా" అంది. "నువ్వు గంత మనిషివి కావు."

అని లేచి, విస్తళ్లు ఎత్తడానికి వెనక్కి వెళ్లిపోయింది. నేను రోడ్డు దాకా నడిచాను.